అమ్మమ్మ పళ్ళెం, ఆర్మీ కాటా

ఒరేయ్ అల్లుడూ,

నిన్న సాయంత్రం సెంటర్లో నన్ను చూసి బండి రాజోలు వైపు తిప్పేశావు. నేను చూడలేదనుకున్నావేమో. ఇరవై నాలుగేళ్ళు ఫిరంగుల రెజిమెంట్లో దూరం చూడ్డమే పనిగా బతికినవాణ్ణి, బజ్జీల బండి పక్కనుంచి జారుకునే ఎర్రచొక్కా కనపడదా నాకు? నువ్వు ఆర్మీ ఎంపిక ర్యాలీ నుంచి వచ్చి పన్నెండు రోజులైంది. మా గుమ్మం తొక్కలేదు. మీ అమ్మమ్మ ఫోన్ చేసి, "వాడు రాత్రిళ్ళు అన్నం ముట్టడంలేదురా, నువ్వొకసారి మాట్లాడు" అంది. నువ్వు దొరకవు గనక రాస్తున్నాను. చదివి పారేసినా పరవాలేదు, కాకపోతే మొత్తం చదివి పారెయ్.

ముందు జరిగింది జరిగినట్టు ఒప్పుకుందాం. రాతపరీక్ష తెలుగులోనే రాసి నెగ్గావు. అది చిన్న విషయం కాదు. మైదానంలో 1.6 కిలోమీటర్ల పరుగు 6 నిమిషాల 40 సెకన్లలో ముగించావు. నువ్వొచ్చేసరికి తాడు అడ్డం పెట్టేశారు. అంతే జరిగింది. "బరువెక్కువని తీసేశారు" అని ఊళ్ళో చెప్పుకుంటున్నావట. కాదురా. నిన్నెవరూ కాటా ఎక్కించలేదు, ఛాతీ కొలవలేదు. బరువు చూసే బల్లదాకా నువ్వు వెళ్ళనే లేదు. నీ బరువు నిన్ను మూడో రౌండులోనే పట్టేసుకుంది.

ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు ఆర్మీ వాళ్ళ కాటా మీద కోపం పెంచుకుంటున్నావు. జనరల్ డ్యూటీకి మనవాళ్ళకి 166 సెంటీమీటర్ల ఎత్తుండాలి. నీకు మూడు ఎక్కువే ఉంది. 163 ఉండి, బతిమాలినా భగవంతుడు కూడా పెంచలేక వెనక్కొచ్చేసిన కుర్రాళ్ళని నేను చూశాను. కరోనా పేరున రెండేళ్ళు ర్యాలీలే లేక వయసు దాటిపోయినవాళ్ళని చూశాను. 2022లో అగ్నిపథ్ పెట్టినప్పుడు ఒక్కసారికి 23 ఏళ్ళ దాకా సడలింపిస్తే, దానికీ అందనివాళ్ళు ఇవాళ హైదరాబాదులో సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నారు. ఎత్తు నీ చేతుల్లో ఉండదు, వయసు నీ చేతుల్లో ఉండదు. నీ దగ్గర తక్కువైనది రెండూ కాదు. నీ దగ్గర ఎక్కువైనది పదమూడు కిలోలు.

అవి ఎలా వచ్చాయో నాకు తెలుసు. నువ్వు ఏడో తరగతిలో ఉండగా మీ అమ్మ కువైట్ వెళ్ళింది. మన కోనసీమలో ప్రతి రెండో వీధిలో ఉండే కథే అది. ఆ రోజునుంచి మీ అమ్మమ్మకి ఒకటే బెంగ, తల్లి దగ్గర లేని పిల్లాడికి తిండి దగ్గర లోటు రాకూడదని. పొద్దున్న మినపరొట్టె, మధ్యాహ్నం అన్నం మీద అన్నం, సాయంత్రం నీకిష్టమని సున్నుండ. నువ్వు వద్దంటే ఆవిడ మొహం చిన్నబోయేది. నువ్వు తిన్నది ఆకలికి కాదురా, ఆవిడ మొహం చూడలేక. శుక్రవారం మీ అమ్మ వీడియో కాల్‌లో మొదట అడిగే మాట కూడా "తిన్నావా నాన్నా?" అనే. మన ఇళ్ళల్లో ప్రేమ చూపించడానికి వేరే మాట లేదు. అంచేత ఆ పదమూడు కిలోలని చూసి సిగ్గుపడకు. అది మీ అమ్మమ్మ నీమీద పెట్టిన ప్రేమ. కాకపోతే ఆవిడ ప్రేమని మోసుకుని నువ్వు 5 నిమిషాల 30 సెకన్లలో నాలుగు రౌండ్లు కొట్టలేవు.

ఇప్పుడు నా భాగోతం కూడా విను. మీ అమ్మకీ పూర్తిగా తెలీదు ఇది.

1988లో నేను సెలక్షన్‌కి వెళ్ళినప్పుడు నా బాధ నీకు సరిగ్గా ఎదురు. బక్కపీచుని. కాటాకి ఒకటిన్నర కిలో తక్కువొస్తానని ఎవరో చెబితే, రావులపాలెంలో బస్సు మారేటప్పుడు ఒక అత్తం అరటిపళ్ళు కొని, మైదానం బయట కూర్చుని పదకొండు మింగాను. పైన చెంబెడు నీళ్ళు. కాటా దాటాను. కానీ ఆ కడుపుతో తరవాత డాక్టరు ఎగరమన్నప్పుడు ఏం జరిగిందో నేను రాయను, నువ్వే ఊహించుకో.

గోల్కొండలో ట్రైనింగు. అక్కడ ఉస్తాద్‌లు మమ్మల్ని మనుషుల్ని చేశారు, రగడా ఇచ్చి ఇచ్చి. ఆ ఒళ్ళు పదిహేనేళ్ళు నిలిచింది. ముప్ఫై ఆరో ఏట నన్ను స్టోరు పనిలో కూర్చోబెట్టారు. కుర్చీ, రిజిస్టర్లు, వంటలు చేసే లంగర్ పక్కనే. పొద్దున్న పూరీలు వేయించే వాసన కిటికీలోంచి వచ్చేది. రెండేళ్ళలో పదకొండు కిలోలు. వార్షిక వైద్యపరీక్షలో, ఉండాల్సిన బరువు మీద పది శాతం దాటేశావని పూర్తి ఫిట్ అనే షేప్ వన్ తీసేసి కింది కేటగిరీలో పడేశారు. ప్రమోషన్ కేడర్‌కి వెళ్ళాల్సిన ఏడు అది. నాకన్నా రెండేళ్ళు జూనియర్ వెళ్ళాడు. వాడికి నేను సెల్యూట్ కొట్టాల్సి వచ్చింది. మంచివాడే పాపం, కొట్టినప్పుడల్లా తలొంచుకునేవాడు.

మళ్ళీ పరీక్షకి వారం ఉందనగా ఏం చేశానో తెలుసా? తిండి మానేశాను. టీ, బిస్కెట్టు, అంతే. నాలుగో రోజు పొద్దున్న పీటీ పరేడ్‌లో కళ్ళు తిరిగి, వరసలో ముందున్నవాడి వీపు మీద పడ్డాను. నలభైకి దగ్గరపడ్డ హవల్దారు, నిన్నగాక మొన్నొచ్చిన కుర్రాళ్ళ ముందు. ఆ తరవాత ఆరు నెలలు పట్టింది పదకొండు కిలోలు దిగడానికి. పూరీ మానేశాను, మందు మానేశాను, సాయంత్రం వాలీబాల్ మొదలెట్టాను. గొప్ప రహస్యమేమీ లేదు. అదే పని వారంలో చెయ్యాలనుకున్నప్పుడు నేల మీద పడ్డాను. ఆరు నెలల్లో చేసినప్పుడు నిలబడ్డాను.

నువ్వు మళ్ళీ ర్యాలీకి వారం ముందు మేలుకుంటావేమోనని నా భయం. మీ బ్యాచ్ కుర్రాళ్ళ మాటలు నా చెవిన పడుతూనే ఉంటాయి. ఒంట్లో నీరు లాగేసే బిళ్ళ ఒకటుందట, వేసుకుంటే ఒక్క రాత్రిలో రెండు కిలోలు తగ్గుతారట. తగ్గుతారు, నిజమే. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి గదా, రెండు లీటర్లు ఒంట్లోంచి తోడేస్తే కాటా ముల్లు దిగకేం చేస్తుంది? కొవ్వు మాత్రం గోరంత కూడా కదలదు. నీళ్ళతోపాటు గుండె సరిగ్గా కొట్టుకోవడానికి కావాల్సిన ఉప్పులూ పోతాయి. ఆ ఒంటితో ఎండలో పరిగెడితే పిక్కలు పట్టేస్తే అదృష్టమనుకో, అంతకన్నా పెద్దదే పట్టెయ్యొచ్చు. జిమ్ముల్లో గుసగుసగా అమ్మే సూదుల సంగతి నేను మాట్లాడను కూడా. నువ్వా దారిలో కనబడితే మేనమామ చెయ్యి ఎంత బరువో అప్పుడు తెలుస్తుంది.

2024లో జార్ఖండ్‌లో ఏమైందో చదివావా? ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ ఎంపికకి గంటలో 10 కిలోమీటర్లు పరుగు పెట్టారు. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కలో. పదిమందికి పైగా కుర్రాళ్ళు చచ్చిపోయారు. నీ ఈడువాళ్ళే. మన కోనసీమ ఉక్క నీకు తెలీందా? మే నెలలో పొద్దున్న ఏడింటికే చొక్కా పిండితే చెంబెడు చెమట కారుతుంది. తిండి మానేసి, నీళ్ళు మానేసి, బిళ్ళ మింగి ఆ ఉక్కలో పరిగెత్తేవాడు ధైర్యవంతుడు కాడు.

అమెరికా సంగతి ఒకటి చెప్తాను. అక్కడ సైన్యానికి లావుపాటి కుర్రాళ్ళ బెడద మనకన్నా ఎక్కువ. 2022 ఆగస్టులో సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో ఏకంగా ఒక కోర్సే మొదలెట్టారు, కొవ్వు కొంచెం ఎక్కువున్నవాళ్ళని ముందు అక్కడ పెట్టి కొలతకి దించి, ఆ తరవాతే అసలు ట్రైనింగుకి పంపడానికి. ఎన్నాళ్ళో తెలుసా? 90 రోజుల దాకా గడువు. డాక్టర్లు, వంటవాళ్ళు, కోచ్‌లు అందరూ చుట్టూ ఉండగా, కొంచెం ఎక్కువున్నవాడికే అంత గడువిచ్చారు. నువ్వేమో పదమూడు కిలోలు పెట్టుకుని ఒక్కడివే వారంలో దించుదామంటావు.

లెక్క చెప్తాను, నువ్వు ఇంటర్‌లో ఎంపీసీ గదా, బుర్రకెక్కుతుంది. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు. రోజుకి 550 తక్కువ పడేట్టు చూసుకుంటే వారానికి అరకిలో దిగుతుంది. పదమూడు కిలోలకి ఇరవై ఆరు వారాలు, అంటే ఆరు నెలలు. అటు ఇటుగా అంతే. మరి పరుగు సంగతి? ఒక కిలోమీటరు పరిగెత్తితే, మనిషి ఎన్ని కిలోలుంటే దాదాపు అన్ని కేలరీలు ఖర్చవుతాయి. నువ్వు 81. అయిదు కిలోమీటర్లు రొప్పుకుంటూ పరిగెడితే నాలుగొందలు. ఒక కప్పు అన్నం రెండొందలు. అంటే మీ అమ్మమ్మ "ఇంకొంచెం వేసుకో నాన్నా" అని ఆఖర్న వేసే రెండు కప్పులకి నీ అయిదు కిలోమీటర్ల పరుగూ సరి. పళ్ళెం మార్చకుండా కాళ్ళని మాత్రమే నమ్ముకుంటే చెరువులోకి నీళ్ళొచ్చే తూము తెరిచి పెట్టుకుని చెంబుతో తోడుతున్నట్టే.

అలాగని అన్నం మానెయ్యమనను. మన నేలలో పుట్టి అన్నం మానెయ్యడం అయ్యే పని కాదు, రెండు వారాలు మానేసి మూడో వారం బిందెడు తింటావు. పొద్దున్న రొట్టె బదులు రెండు ఉడికిన గుడ్లు, చోడి జావ. మధ్యాహ్నం అన్నం ఒక్కసారే పెట్టించుకో, పక్కన కూర అన్నమంత ఉండాలి. చేపల పులుసు భేషుగ్గా తిను, వేపుడే వద్దు. కొబ్బరినీళ్ళు తాగు, కొబ్బరి తినకు, అందులో నూనె ఎక్కువ. సాయంత్రం సెనగలో పెసలో నానబెట్టినవి, లేదా తేగలు కాలమైతే రెండు తేగలు. రాత్రి తొందరగా, సగం కడుపుకి, మజ్జిగతో. ఇప్పుడు చేస్తున్నట్టు రాత్రి మొత్తానికే మానెయ్యడం మాత్రం తప్పు. రాత్రి మానేసినవాడే తెల్లారి సెంటర్లో బజ్జీల బండి వెతుక్కుంటాడు. మాంసం తినకపోతే బలం రాదనేవాడెవడైనా ఎదురైతే కోడి రామ్మూర్తి నాయుడు పేరు చెప్పు. కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న ఆయన శాకాహారి. డబ్బాలో పొడి అమ్మేవాడికి ఇవన్నీ నచ్చవు, వాడి గొడవ మనకెందుకు.

పరుగు దగ్గరకొద్దాం. 5 నిమిషాల 30 సెకన్లంటే రౌండుకి ఎనభై రెండున్నర సెకన్లు. నువ్వు ఇప్పుడు రౌండుకి వంద కొడుతున్నావు. ప్రతి రోజూ వాచీ పెట్టుకుని 1.6 లాగించి, ఇంకా తగ్గలేదేమని ఏడవకు. మొదటి రెండు నెలలు 1.6 ఊసే ఎత్తొద్దు. పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా ముప్ఫై, నలభై నిమిషాలు. నెమ్మదిగా పరిగెత్తితే సిగ్గుగా ఉంటుంది, తెలుసు, ముసలాళ్ళు దాటిపోతారు. దాటనియ్. 81 కిలోలతో కాళ్ళ మీద మోదుకుంటూ వేగంగా పరిగెడితే మోకాలి కింద ఎముక ముందువైపు నొప్పి మొదలవుతుంది, నెల పోతుంది. బరువు డెబ్బై అయిదుకి దిగాక అప్పుడు వారానికి రెండుసార్లు ఒక్కో రౌండు 85, తరవాత 82 సెకన్లకి కొట్టి, మధ్యలో నడిచి, మళ్ళీ కొట్టు. ఆదివారం కాళ్ళకి సెలవు.

హైవే మీద మాత్రం పరిగెత్తకు. 216 మీద చీకట్లో కొబ్బరి లారీలూ గ్యాసు ట్యాంకర్లూ ఎలా పోతాయో తాటిపాకలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. కాలవ గట్టు మెత్తగా ఉంటుంది, నీడ ఉంటుంది, కుక్కలు కూడా మనవే.

బీము పట్టుకుని పైకి లేవడమంటే నీకు మరీ భయమని తెలుసు. పది తీస్తే 40 మార్కులు, ఆరు తీస్తే 16. నువ్వు రెండు తీస్తున్నావు. ఎందుకు తియ్యలేకపోతున్నావో చెప్పనా? నీ పక్కవాడు అరవై కిలోలు ఎత్తుతున్నాడు, నువ్వు ఎనభై ఒకటి. వాడి జబ్బ నీకన్నా గట్టిది కాకపోవచ్చు. కొబ్బరి దింపు తీసేవాళ్ళలో పొట్టున్నవాణ్ణి ఒక్కణ్ణి చూశావా? చెట్టు ఊరుకోదు మరి. ముందు మా పెరట్లో దూలానికి ఊరికే వేలాడు, ఇరవై సెకన్లు, ముప్ఫై, నిమిషం. తరవాత స్టూలెక్కి గడ్డం పైనపెట్టి మెల్లగా కిందకి దిగు. పైకి లేవడం అదే వస్తుంది, నీ ఒళ్ళు తగ్గిన కొద్దీ ఒక్కోటి కలుస్తుంది.

బలం లేనివాడివని మాత్రం అనుకోకు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో గంగలకుర్రు ప్రభ కౌశిక నది దాటుతుంటే ఇద్దరం గట్టు మీద నిలబడి చూశాం గదా. మెడలోతు నీళ్ళల్లో ఆ ప్రభని ఒరగనివ్వకుండా మోసేవాళ్ళలో నీకన్నా లావుపాటివాళ్ళు ఎంతమంది! 2023 జనవరి 26న ఆ ప్రభల శకటం ఢిల్లీలో కర్తవ్యపథ్ మీద కదులుతుంటే టీవీ ముందు నువ్వే ఈల వేశావు. లావుగా ఉన్నవాడు బలహీనుడు కాడు. కాకపోతే ప్రభ మోసేది ఒక్క పూట, పక్కన బోలెడు భుజాలు. నీ ఒళ్ళు మొయ్యడానికి నువ్వొక్కడివే, అదీ లడఖ్‌లో పధ్నాలుగు వేల అడుగుల మీద ఊపిరి అందనిచోట, వీపు మీద సామాను వేసుకుని. అక్కడ లావుపాటివాడు కూలబడితే వాణ్ణి ఇద్దరు మొయ్యాలి. ఆ కాటా ఎందుకు పెట్టారో నాకు అక్కడికి వెళ్ళాకే అర్థమైంది. అప్పటిదాకా నేనూ నీలాగే తిట్టుకున్నాను.

ఇంకో మాట. గేటు దాటితే కాటా పీడ వదులుతుందనుకోకు. లోపల కూడా పరీక్షలు ఆగవు. బరువెక్కువున్నవాళ్ళకి 30 రోజుల గడువిచ్చి, అప్పటికీ దిగకపోతే సెలవుల్లో కోత పెడతామని 2024లో కొత్తగా చెప్పారని పేపర్లో వచ్చింది. అగ్నివీరుల్లో నాలుగేళ్ళ తరవాత ఉంచేది పాతిక శాతం దాకానే. బిళ్ళ మింగి లోపలికెళ్ళినవాడు నాలుగేళ్ళూ ఎప్పుడు కాటా ఎక్కిస్తారోనని దాక్కుంటూ బతుకుతాడు. నేనలా రెండేళ్ళు దాక్కున్నాను గనక చెప్తున్నాను. పరేడ్ ఉన్న రోజు పొద్దున్న కడుపునొప్పి తెచ్చుకోవడం ఎంత నీచంగా ఉంటుందో.

ఆరు నెలలు చేసి కూడా తాడు పడిపోతే? పడొచ్చు. అప్పుడు ఇద్దరం కూర్చుని ఇంకేం చెయ్యాలో ఆలోచిద్దాం. అగ్నివీరు కాలేదని నిన్ను ఎవడూ తక్కువ చెయ్యడు. చేస్తే వాణ్ణి నా దగ్గరికి పంపు.

అసలు కష్టమైన పని అమ్మమ్మని ఒప్పించడం. నువ్వు పళ్ళెం పక్కకి నెట్టేస్తే ఆవిడ తనని నెట్టేశావనుకుంటుంది. ఇన్నాళ్ళూ కొసరి పెట్టడమే ఆవిడ నీకు చేసిన సేవ, అది ఒక్కసారి వద్దంటే ఆ ముసలి ప్రాణం దేనికి లేవాలి? అంచేత వద్దనకు. పని మార్చు. "అమ్మమ్మా, పొద్దున్నే లేపు, వాచీ నువ్వు పట్టుకో, గుడ్లు నువ్వే ఉడకబెట్టు" అను. ఆవిడని నీ ఉస్తాద్‌ని చెయ్యి. మీ అమ్మతో కూడా నేను మాట్లాడతాను. శుక్రవారం "తిన్నావా" అనడానికి ముందు "పరిగెత్తావా" అని అడగమంటాను. మొదట్లో ఆవిడకీ నోరు తిరగదు, అలవాటవుతుంది.

రేపు పొద్దున్న నాలుగున్నరకి కాలవ గట్టు మీద లాకుల దగ్గర ఉంటాను. నాకు మోకాళ్ళు అరిగాయి, సైకిల్ మీద వస్తాను. విజిల్ ఉంది. ఎర్రచొక్కా వేసుకోకు, చీకట్లో కనపడదు, తెల్లది వేసుకో. ప్రతి ఆదివారం కొబ్బరి కొట్టులో కాటా మీద తూగి, ఆ అంకె వాళ్ళ గోడ మీద బొగ్గుతో రాద్దాం. కొట్టు ఓనరు ఒప్పుకున్నాడు.

అమ్మమ్మకి ఇందాకే ఫోన్ చేశాను. రేపటినుంచి వాడు పరుగునుంచి రాగానే రెండు గుడ్లు ఉడకబెట్టి ఉంచవే అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"రెండేనా?" అంది.

మీ మావయ్య